ఫీజు కట్టేది మనం, రిపోర్టు మాత్రం బ్యాంకుది



పొలం మీదో ఇంటి మీదో లోనుకి వెళ్ళొచ్చిన వాళ్ళ దగ్గర తరచుగా వినే మాట ఒకటుంది. "వాల్యుయేషన్ ఫీజు కట్టింది నేను. ఇంజనీరు గారిని బండి ఎక్కించుకుని పొలం గట్టుదాకా తీసుకెళ్ళింది నేను. తీరా చూస్తే ఎకరం 25 లక్షలు పలికే పొలానికి 14 లక్షలని రాశాడంట. రిపోర్టు చూపించమంటే బ్యాంకుకి పంపేశానన్నాడు. నా డబ్బులు తీసుకుని నాకే అన్యాయం చేశాడు."

ఈ మాట వెనకాల ఒక లెక్క ఉంది. డబ్బులు ఎవరు కడితే మనిషి వాళ్ళ తరఫున ఉండాలి అని. కూలి ఎవరిస్తే వాళ్ళ చేలోనే కదా కలుపు తీసేది! మామూలు పనుల్లో ఈ లెక్క సరిగ్గానే నడుస్తుంది. ఆస్తి విలువ కట్టే పనిలో మాత్రం నడవదు. అక్కడ క్లయింటు అంటే డబ్బులు కట్టినవాడు కాదు, పని పురమాయించినవాడు. ఈ ఒక్క ముక్క తెలియక మనం బ్యాంకు దగ్గర, కుటుంబ పంపకాల్లో, భూసేకరణలో నష్టపోతున్నాం. అందుకే ఈ పోస్టు.

ముందు బ్యాంకు సంగతి చూద్దాం. బ్యాంకు దగ్గర ఒక జాబితా ఉంటుంది, ప్యానెల్ అంటారు. అందులో ఉన్న వాల్యుయర్‌కి బ్యాంకే చెబుతుంది, ఫలానా సర్వే నంబరు చూసి విలువ రాసి పంపమని. రిపోర్టు బ్యాంకు మేనేజరు పేరు మీద వస్తుంది. ఫీజు మన ఖాతాలోంచి కోసుకున్నా, మనచేతే నేరుగా కట్టించినా, పని అప్పజెప్పింది బ్యాంకు. లాయరు గారి లీగల్ ఒపీనియన్ కూడా ఇంతే. మన డాక్యుమెంట్లన్నీ చూసేది ఆయనే, ఫీజు మనదే, కానీ ఆయన చెప్పేది బ్యాంకుకి.

మరి బ్యాంకు ఆయన్ని అడిగేదేంటి? "ఈ రైతు పొలం ఎంత మంచిది?" అని కాదు. "ఈ అప్పు రేపు వసూలు కాకపోతే, ఈ ఆస్తి అమ్మితే మాకు ఎంత వస్తుంది?" అని. మామూలుగా బ్యాంకు రిపోర్టులో ఒక్క ధర ఉండదు. రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువ ఒకటి, మార్కెట్ విలువ ఒకటి, అమ్మితే చేతికొచ్చే విలువ ఒకటి, హడావిడిగా వేలం వేస్తే వచ్చే విలువ ఇంకొకటి ఉంటాయి. మార్కెట్ విలువ నుంచి కిందికి పోయేకొద్దీ తగ్గుతాయి. మనకి చెవిన పడేది వాటిలో ఏ అంకో కూడా మనకి తెలీదు. కొనేవాడు ఇష్టపడి, అమ్మేవాడు తొందర లేకుండా, పెద్దమనుషుల ముందు కుదిరిన ధరని మనం "మా పొలం రేటు" అంటాం. వేలం ధర ఆ రేటు కాదు. రెండు ప్రశ్నలకి రెండు జవాబులు. ఒక ప్రశ్నకి వచ్చిన జవాబు తీసుకెళ్ళి ఇంకో ప్రశ్న దగ్గర పెడితే గొడవే.

వడ్లు అమ్మేటప్పుడు తేమ చూసే మిషను గుర్తు తెచ్చుకోండి. 17 శాతం దాటిందా లేదా అని చూసేది కొనేవాళ్ళ అవసరం కోసం. మిషను అబద్ధం చెప్పనక్కర్లేదు. కానీ అది మన గింజ రుచి ఎలా ఉందో, ఎంత కష్టపడి పండించామో చెప్పదు. దాన్ని అడిగింది తేమ ఒక్కటే.

ఇక్కడ కొంతమంది అంటారు, "అయితే ఫీజు కట్టేవాడినే క్లయింటుని చేసేస్తే పోలా?" అని. నేను దీనికి ఒప్పుకోను. ఎందుకో చెబుతాను. లోను కావాల్సినవాడు వాల్యుయర్‌ని తానే ఎంచుకుని, తానే పురమాయిస్తే ఏమవుతుంది? 14 లక్షలు రాసేవాడిని వదిలేసి 30 లక్షలు రాసేవాడి దగ్గరికి పోతాం. విలువ పెంచి రాయించుకుని తీసుకున్న అప్పు తీర్చాల్సింది ఆ రాసినవాడు కాదు, మనం. విలువ పెరిగిందని పంట పెరగదు, మిర్చి రేటు పెరగదు. వడ్డీ మాత్రం పెరిగిన అప్పు మీదే పడుతుంది. బ్యాంకులో ఉన్నదీ ఎవరి డబ్బులు? మనలాంటి వాళ్ళు, పింఛను దారులు దాచుకున్న డిపాజిట్లు. అందుకే ఆర్బీఐ కూడా వాల్యుయర్ ఆ ఆస్తితో ఏ సంబంధమూ లేని స్వతంత్రుడై ఉండాలని బ్యాంకులకి చెప్పింది. 2017లో వచ్చిన రిజిస్టర్డ్ వాల్యుయర్ల రూల్స్‌లో ఉన్న నడవడిక నియమావళి కూడా క్లయింటు అవసరానికి తగ్గట్టు విలువ కట్టకూడదనే అంటుంది. ఇది గమనించండి. వాల్యుయర్ క్లయింటు బ్యాంకే, కానీ బ్యాంకు కోరిన అంకె వేయడానికి కూడా ఆయనకి హక్కు లేదు. జవాబు చెప్పాల్సింది బ్యాంకుకి, రాయాల్సింది నిజం.

కాబట్టి క్లయింటుగా బ్యాంకే ఉండనివ్వండి. నాకు అభ్యంతరం లేదు. నా అభ్యంతరం ఒక్కటే. మన డబ్బులతో, మన భూమి గురించి రాసిన కాగితం మనకి కనపడకపోవడం.

ఎందుకంటే రిపోర్టులో రెండు రకాల విషయాలుంటాయి. ఒకటి అభిప్రాయం, ఎకరం ఎంత అనేది. అది ఆయనది, దాంతో మనం వాదించలేం. రెండోది వాస్తవం. సర్వే నంబరు ఏది, విస్తీర్ణం ఎంత, మాగాణా మెట్టా, బోరు ఉందా, కరెంటు సర్వీసు ఉందా, పొలానికి బండి పోయే డొంక ఉందా, హద్దులు కలుస్తున్నాయా. వీటిలో తప్పు దొర్లితే చెప్పగలిగేది భూమి దున్నేవాడే. నాలుగంగుళాల నీళ్ళు పోసే బోరున్న పొలాన్ని వర్షాధారం అని రాస్తే విలువ ఎంత పడిపోతుందో మనకి తెలుసు. కానీ కాగితం చూడకపోతే తప్పుందని ఎలా తెలుస్తుంది? తెలియనిది ఎలా సరిచేయమంటాం?

మన ఊళ్ళ పిల్లలు చాలామంది అమెరికాలో ఇళ్ళు కొంటున్నారు కదా, వాళ్ళని అడిగి చూడండి. అక్కడ కూడా పని పురమాయించేది అప్పిచ్చే బ్యాంకే, ఫీజు కట్టేది ఇల్లు కొనేవాళ్ళే, క్లయింటు బ్యాంకే. ఇందులో మనకీ వాళ్ళకీ తేడా లేదు. కానీ 2014 జనవరి నుంచి అక్కడ ఒక రూలు అమల్లో ఉంది. ఉండే ఇంటి మీద మొదటి తనఖా లోను అయితే, విలువ కట్టిన రిపోర్టు కాపీ అప్పు అడిగినవాడికి ఇచ్చి తీరాలి, మామూలుగా లోను సంతకాలకి కనీసం 3 పనిదినాల ముందే. క్లయింటు కాకపోయినా కాపీ హక్కు. మనకి కావాల్సిందీ ఇదే. వాల్యుయేషన్ ఫీజు, లీగల్ ఫీజు వసూలు చేసిన ప్రతిచోటా ఆ కాగితాల కాపీ, అడక్కుండానే రైతు చేతికి రావాలి. వాస్తవాల్లో తప్పుంటే చెప్పుకోవడానికి ఒక వారం టైము ఇవ్వాలి. దీనికి బ్యాంకుకి పోయేదేమీ లేదు, ఒక జిరాక్సు ఖర్చు తప్ప.

ఇంకో సంగతి. ఆర్బీఐ మార్గదర్శకాల ప్రకారం 50 కోట్లు, ఆ పైన విలువున్న ఆస్తికి బ్యాంకులు కనీసం ఇద్దరు వేర్వేరు వాల్యుయర్ల రిపోర్టులు తీసుకోవాలి. పెద్దోళ్ళ ఆస్తికి రెండు కళ్ళు, మన ఐదెకరాలకి ఒకటే కన్ను. బ్యాంకు రిస్కు లెక్కలో అది సబబే కావచ్చు. కానీ 50 కోట్ల కంపెనీకి ఆ ఆస్తి చాలావాటిలో ఒకటి. మనకి ఆ ఐదెకరాలే మొత్తం. ఒక్క కన్నే పెట్టేటప్పుడు, ఆ కన్ను ఏం చూసిందో కనీసం మనకి చెప్పాలి.

ఇప్పుడు కుటుంబం సంగతికి వస్తాను. నన్ను బాగా బాధపెట్టేది ఇదే.

బ్యాంకు రిపోర్టులోని తక్కువ అంకె బ్యాంకు దగ్గరే ఆగిపోదు. అన్నదమ్ముల పంపకాల్లోకి, ఆడపిల్ల వాటా లెక్కలోకి వచ్చేస్తుంది. "బ్యాంకు వాళ్ళే, చదువుకున్న ఇంజనీరే, ఎకరం 14 లక్షలన్నాడు. ఆ లెక్కన నీ వాటాకి డబ్బులు తీసుకోమ్మా" అని చెల్లెలి చేత సంతకం పెట్టించేస్తారు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిత్రార్జితంలో ఆడపిల్లకి సమాన హక్కు ఇస్తూ 1986లోనే చట్టం చేసుకున్నాం. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. హక్కు కాగితం మీద ఇచ్చి, విలువ దగ్గర సగం కోసేయడం న్యాయమా? పైగా ఆ సగం కోసింది అన్న కాదు, "బ్యాంకు" అని పేరు. ఆ చెల్లెలు ఆ రిపోర్టులో క్లయింటు కాదు, ఆ ప్రశ్న ఆమె అడిగింది కాదు. వేలం వేస్తే ఎంత అని బ్యాంకు అడిగిన ప్రశ్నకి వచ్చిన జవాబుతో ఆమె వాటా తెగ్గొట్టడం అంటే, తేమ మిషను చూసి బియ్యం రుచి చెప్పినట్టే.

పంపకాల్లో విలువ కట్టించాల్సి వస్తే నా సలహా ఇది. ఒక్కడు వెళ్ళి తీసుకొచ్చిన మనిషి వద్దు. ఎంత నిజాయితీపరుడైనా మిగతావాళ్ళకి నమ్మకం కుదరదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అందరూ కలిసి ఒకరిని ఎంచుకుని, పని అప్పజెప్పే కాగితం మీద అందరూ సంతకాలు పెట్టండి. ఫీజు అందరూ వాటాలేసుకోండి. "పంపకాల కోసం, ఈ రోజు మార్కెట్ విలువ కావాలి" అని అందులో రాయండి. రిపోర్టు కాపీ ప్రతి ఒక్కరికీ విడిగా ఇవ్వమనండి. అప్పుడు అందరూ క్లయింట్లే. ఫీజు కొన్ని వేలు అవుతుంది. కోర్టుల చుట్టూ పదేళ్ళు తిరిగే ఖర్చుతో పోలిస్తే అది ఏపాటి?

ఇక భూసేకరణ. రోడ్డుకో, కాలవకో, పరిశ్రమకో పొలం పోయేటప్పుడు విలువ కట్టేది కలెక్టరు గారి తరఫున. అంటే కొనేదీ ప్రభుత్వమే, విలువ కట్టించేదీ ప్రభుత్వమే. చెట్ల లెక్కకి, బావి బోరు లెక్కకి వచ్చే నిపుణులనీ పిలిచేది ఆయనే. ఇందులో మనం క్లయింటు కానే కాదు. అందుకే 2013 భూసేకరణ చట్టం విలువని ఒకరి ఇష్టానికి వదలకుండా ఒక లెక్క పెట్టింది. రిజిస్ట్రేషన్ ఆఫీసులోని విలువ ఒకటి. చుట్టుపక్కల అలాంటి భూమికి గత మూడేళ్ళలో జరిగిన రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర ఉన్న సగం డాక్యుమెంట్ల సగటు ఇంకొకటి. మామూలు సేకరణలో వీటిలో ఏది ఎక్కువైతే అది తీసుకోవాలి. పల్లెల్లో దాన్ని 1 నుంచి 2 మధ్య రాష్ట్రం నిర్ణయించిన గుణకంతో హెచ్చించాలి. చెట్లూ కట్టడాల విలువ కలిపి, మొత్తం మీద 100 శాతం సొలేషియం ఇవ్వాలి.

ఈ లెక్కలో మన చేతిలో ఉన్నది ఒక్కటే, ఆ సేల్ డీడ్లు. ఇక్కడ మనం ఒక చేదు నిజం ఒప్పుకోవాలి. ఎకరం 30 లక్షలకి కొని, స్టాంపు డ్యూటీ మిగులుతుందని 18 లక్షలకి రిజిస్టర్ చేయించుకోవడం ఊళ్ళల్లో మామూలైపోయింది. రేపు భూసేకరణ వచ్చినప్పుడు చూసేది ఆ 18 లక్షల కాగితమే. గుణకం 1 అనుకున్నా, ఎకరానికి 12 లక్షల తేడా సొలేషియంతో కలిపి 24 లక్షల తేడా అవుతుంది. అదీ కొన్నవాడికి ఒక్కడికే కాదు, పక్క పొలాల వాళ్ళందరికీ. వాల్యుయర్ తక్కువ రాశాడని తిట్టుకుంటాం కానీ, ఊరంతా కలిసి మన భూమికి మనమే తక్కువ రాసిపెడుతున్నాం.

అవార్డు వచ్చాక డబ్బులు తీసుకునేటప్పుడు కూడా జాగ్రత్త. మొత్తం తక్కువనిపిస్తే "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాతపూర్వకంగా రాసి తీసుకోండి. అలా రాయకుండా తీసుకుంటే, పెంచమని అడిగే దారి మూసుకుపోతుంది. అవార్డు ఇచ్చేటప్పుడు మీరు హాజరై ఉంటే, అథారిటీకి పంపమని కలెక్టరుకి దరఖాస్తు పెట్టడానికి గడువు 6 వారాలే. జాతీయ రహదారి అయితే దారి వేరు, ఆర్బిట్రేటర్ దగ్గరికి వెళ్ళాలి. ఏ దారైనా, అక్కడ ప్రభుత్వ రిపోర్టుకి ఎదురు పెట్టడానికి మన చేతిలో మన రిపోర్టు ఉండాలి. సొంత వాల్యుయర్‌కి డబ్బులు పెట్టాల్సిన చోటు ఇది. ఇక్కడ మనం క్లయింటు. బోరు, పైపులైను, తోట వయసు, షెడ్డు అన్నీ ఫోటోలతో సహా సేకరణకి ముందే రాయించుకోండి. పొక్లెయిన్ వచ్చి తోట దున్నేశాక చెట్ల లెక్క ఎవరు నమ్ముతారు?

వేలం సంగతి కూడా రెండు మాటలు. 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకే పిల్లల చదువుల లోనుకో, వ్యాపార లోనుకో వెళ్తే చాలా బ్యాంకులు పొలం వద్దు, ఇల్లో స్థలమో పెట్టమంటాయి. ఇల్లు పెట్టారంటే ఆ చట్టం వర్తిస్తుంది. బాకీ పడితే కోర్టుకి వెళ్ళకుండానే బ్యాంకు వేలం వేయొచ్చు. ఆ వేలానికి ముందు మళ్ళీ వాల్యుయర్ వస్తాడు, ఆయన రాసిన దాన్నిబట్టి కనీస ధర పెడతారు. అప్పుడూ క్లయింటు బ్యాంకే. కానీ ఇల్లు తక్కువకి పోతే మిగిలిన బాకీ మన నెత్తినే ఉంటుంది. అమ్మే ముందు మనకి నోటీసు ఇవ్వాలి. కనీస ధర మరీ తక్కువనిపిస్తే ఇంట్లో కూర్చుని ఏడవకుండా వెంటనే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. డీఆర్‌టీకి వెళ్ళడానికి 45 రోజుల గడువు ఉంటుంది. అక్కడ కూడా "తక్కువ పెట్టారు" అనే నోటిమాట నిలవదు. మీరు పురమాయించిన రిపోర్టు కావాలి.

ఇక లోనుకి వెళ్ళేవాళ్ళు చేయాల్సిన పనులు:

1. ముందు అసలు తనఖా అవసరమా అని అడగండి. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల వరకు వ్యవసాయ రుణాలకి ఆస్తి తనఖా అక్కర్లేదని ఆర్బీఐ చెప్పింది. తనఖా లేని చోట పొలం వాల్యుయేషన్ ఫీజు ఎందుకు?

2. వాల్యుయర్ వచ్చే రోజు పొలం మీరే దగ్గరుండి చూపించండి. పాస్‌బుక్, 1బి, అడంగల్, ఎఫ్ఎంబి స్కెచ్, కరెంటు బిల్లు జిరాక్సులు ఇవ్వండి. బోరు వేసి నీళ్ళు చూపించండి. పక్కన ఈమధ్య జరిగిన రిజిస్ట్రేషన్ కాపీ ఉంటే అదీ ఇవ్వండి.

3. విలువ పెంచమని చేతిలో డబ్బులు పెట్టకండి. అది తప్పు, పైగా దాని భారం తిరిగి మన మీదే పడుతుంది.

4. కాపీ కోసం వాల్యుయర్‌తో గొడవపడకండి. క్లయింటు కాగితం బయటికి ఇవ్వకపోవడం ఆయన వృత్తి నియమం. అడగాల్సింది బ్యాంకుని. "ఫలానా తేదీన ఇంత ఫీజు కట్టాను, వాల్యుయేషన్ రిపోర్టు కాపీ ఇప్పించగలరు" అని ఒక అర్జీ రాసి, రెండో కాపీ మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి. కట్టిన ప్రతి ఫీజుకీ రసీదు తీసుకోండి.

5. బ్యాంకు అంకె బ్యాంకు గడప దగ్గరే వదిలేయండి. అమ్మకానికి, పంపకానికి, అల్లుడికి చెప్పడానికి దాన్ని వాడకండి.

ఎవరు విలువ కట్టినా, ఏ కాగితం ముందు పెట్టినా, అంకె చూడకముందు మొదటి పేజీలో చూడాల్సింది ఒకటే. ఎవరు అడిగారు, దేనికోసం అడిగారు. అది మన పేరు కాకపోతే ఆ అంకె మన పొలం ధర కాదు.

మీ మండలంలో ఏ బ్యాంకైనా అడగ్గానే రిపోర్టు కాపీ ఇస్తే చెప్పండి, నలుగురికీ తెలుస్తుంది. ఇవ్వనంటే మీ అర్జీ ముద్రతో సహా దాచుకోండి. పది ఊళ్ళ నుంచి అలాంటి అర్జీలు పోగైతే, జిల్లా బ్యాంకర్ల మీటింగు ముందు రైతు సంఘాల ద్వారా పెడదాం. ఒక్కడు అడిగితే విసుక్కుంటారు, వందమంది అడిగితే రూలు పెడతారు.